పర్లాకిమిడి ఫుట్‌బాల్ అభిమానుల సంఘం: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గిడుగు రామ్మూర్తి పంతులుగారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊరు మనది, మాట్లాడుకునే భాషలోనే రాయాలని ఆయన ఇక్కడుండే పోరాడారు, అందుకని ఈ నివేదిక కూడా మనం సాయంత్రంపూట టీ కొట్టు దగ్గర మాట్లాడుకున్నట్టే రాస్తున్నాను. జనవరి నుంచి డిసెంబరు దాకా ఏం చేశామో చెప్తాను గానీ అన్నీ ఒకేలా చెప్పలేను, ఎందుకంటే ఈ ఏడాది మన మనసంతా ఒక్క విషయం చుట్టూనే తిరిగింది. గ్రౌండు పోవడం. ఎక్కడో లండన్‌లో మన టీమ్ ఆర్సెనల్‌ది 2006లో పోయింది, ఇక్కడ మనదీ పోయింది.

ముందు చిన్నవి చెప్పేస్తాను. ఎండాకాలం చలివేంద్రం పెట్టాం, మజ్జిగంతా మన ఇళ్లల్లో ఆడవాళ్లే చేసి పంపారు, వాళ్లకి సంఘం తరఫున దండం. ఆర్సెనల్ మ్యాచ్‌లు ఎప్పట్లాగే వంతులవారీగా ఒక్కో ఇంట్లో చూశాం. కొత్త సభ్యుల్లో ఎక్కువమంది ఇంటరు, డిగ్రీ చదివే పిల్లలే. లెక్కలు ట్రెజరర్ బాబాయ్ సభలో చదువుతారు, రసీదులన్నీ ఆయన దగ్గర ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు.

ఇక మే 7. మన సంఘం పుట్టిందే 2006 మే 7 రాత్రి అని పాతవాళ్లందరికీ తెలుసు. ఆర్సెనల్ పాత గ్రౌండు హైబరీలో వాళ్ల ఆఖరి మ్యాచ్ ఆ రోజు. మేమంతా ఒకే ఇంట్లో ఒకే టీవీ ముందు చాప మీద కూర్చున్నాం, అప్పుడు మాలో ఎవరికీ పెళ్లిళ్లు కాలేదు. ఈసారి 19 ఏళ్లు నిండాయి కదా అని మన ప్రెసిడెంటు అన్నయ్య డాబా మీద దుప్పటి కట్టి ప్రొజెక్టర్ పెట్టి, ఆ మ్యాచ్ గోల్స్ చూపించి పిల్లలకి హైబరీ కథ చెప్పాం. గాలికి దుప్పటి ఊగుతుంటే ఆర్సెనల్ ఆటగాడు హెన్రీ మొహం సాగిపోతుందని ఇద్దరు గుంటలు చెరో అంచూ పట్టుకుని చివరిదాకా నిలబడ్డారు, కూర్చోండ్రా అన్నా కూర్చోలేదు.

ఆ రోజు చెప్పినవి కొన్ని ఇక్కడ రాసి పెడుతున్నాను, ఎందుకంటే రానివాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. హైబరీలో మొదటి మ్యాచ్ 1913 సెప్టెంబర్ 6న జరిగింది, లెస్టర్ ఫాస్ అనే టీమ్ మీద 2-1 గెలిచారు. అంతకుముందు ఆర్సెనల్ థేమ్స్ నదికి అవతల వూలిచ్ వైపు టీమ్, అంటే వాళ్లు కూడా ఒక సొంత ఊరు వదిలేసి వచ్చినవాళ్లే. హైబరీ స్థలం ఒక మత కళాశాలది, 21 ఏళ్ల లీజుకి తీసుకున్నారు, గుడ్ ఫ్రైడే రోజూ క్రిస్మస్ రోజూ ఆడకూడదని షరతు. తర్వాత 1925లో 64 వేల పౌండ్లు ఇచ్చి ఆ నేల కొనేసుకున్నారు. ఈ ముక్క చెప్పగానే వెనక నుంచి మన కోచ్ మావయ్య "అదీ, కాయితం చేయించీసుకున్నారు, అదే మనం చెయ్యనేదు" అన్నారు, డాబా మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇంగ్లండ్‌లో లీగ్ మ్యాచ్‌కి మొదటి రేడియో కామెంటరీ 1927 జనవరిలో హైబరీ నుంచే వచ్చింది. 1935లో సండర్‌ల్యాండ్‌తో ఆడినప్పుడు 73,295 మంది వచ్చారు, అదే అక్కడి రికార్డు. రెండో ప్రపంచ యుద్ధంలో నార్త్ బ్యాంక్ స్టాండు బాంబుల పాలైంది, అప్పుడు ఆర్సెనల్ పోయి పోయి తమకి బద్ధ ప్రత్యర్థులైన టాటెన్‌హామ్ వాళ్ల గ్రౌండులో ఆడాల్సొచ్చింది. అలాంటి గ్రౌండు ఎందుకు వదిలేశారన్నా అని ఒక పిల్ల అడిగింది, మంచి ప్రశ్న. 1990 తర్వాత జనం నిలబడి చూసే స్టాండ్లు తీసేసి అన్నీ కుర్చీలే వెయ్యాలన్నారు, దాంతో 38 వేల మందికే చోటు మిగిలింది. పెంచుదామంటే చుట్టూ గోడకి గోడ ఆనుకుని ఇళ్లు, పైగా ఈస్ట్ స్టాండు కూల్చడానికి వీల్లేని రక్షిత కట్టడం. అందుకని నడిచి వెళ్లేంత దూరంలోనే 60 వేల మంది పట్టే ఎమిరేట్స్ కట్టుకుని 2006లో అక్కడికి వెళ్లిపోయారు. హైబరీలో ఆఖరి సీజనంతా 1913 నాటి ముదురు ఎరుపు జెర్సీలే వేసుకుని ఆడారు.

ఆఖరి మ్యాచ్ విగన్‌తో. లీగ్‌లో నాలుగో స్థానం కోసం టాటెన్‌హామ్ కన్నా ఒక్క పాయింటు వెనకున్నాం, అది దక్కితే యూరప్ పెద్ద క్లబ్బులాడే ఛాంపియన్స్ లీగ్‌లో చోటు. పిరెస్ మొదటి గోల్ కొట్టాడు, తర్వాత విగన్ వాళ్లు రెండు కొట్టి ముందుకెళ్లిపోయారు, అప్పుడు హెన్రీ ఒకటీ రెండూ మూడూ, మూడోది పెనాల్టీ, కొట్టేసి మోకాళ్ల మీద కూర్చుని వంగి ఆ గడ్డిని ముద్దు పెట్టుకున్నాడు. 4-2. అటు టాటెన్‌హామ్ వెస్ట్ హామ్ చేతిలో ఓడిపోయింది. 2006లో ఆ ముద్దు చూసి చాప మీద కూర్చున్న పదిమందిలో నలుగురం ఏడ్చేశాం, నేనూ ఏడ్చాను. గడ్డి కోసం ఏడవడం ఏటిరా అని వాళ్లింటి అమ్మమ్మగారు అడిగారు. ఆవిడ ఇప్పుడు లేరు, ఆ రాత్రి అందరికీ ఉప్మా చేసి పెట్టారు, ఆవిణ్ని కూడా డాబా మీద తలుచుకున్నాం.

ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు. ఈస్ట్, వెస్ట్ స్టాండ్ల గోడలు ఉంచి లోపల ఫ్లాట్లు కట్టారు, పిచ్ ఉన్నచోట తోట వేశారు. గోల్‌పోస్టులు, గడ్డి ముక్కలు వేలం వేశారు గానీ కుర్చీలు మాత్రం అభిమానులకి దక్కలేదు, వాటి రంగులో కాడ్మియం అనే విషపు లోహం ఉందని తేలి అమ్మకం ఆపేశారు. పాతికేళ్లు కూర్చున్న కుర్చీ ఇంటికి తెచ్చుకోలేకపోయినవాడి బాధ నాకైతే బాగా అర్థమవుతుంది.

డాబా మీద ఈ కథ చెప్పిన రాత్రే పన్నెండున్నరకి పారిస్‌లో ఆర్సెనల్‌కి ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్ ఉంది. ఎవరూ ఇళ్లకి వెళ్లలేదు. 2-1 ఓడిపోయాం, మొత్తం మీద 3-1. సాకా గోల్ కొట్టినప్పుడు కింద వీధిలో కుక్కలు లేచి మొరిగాయి, ఆ ఒక్క క్షణమే ఆనందం. తెల్లారగట్ల ఇళ్లకి పోయాం.

తర్వాత పదకొండు రోజులకి, మే 18 ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి, లివర్‌పూల్ ఊళ్లోని ఎవర్టన్ క్లబ్బు వాళ్లు తమ పాత గ్రౌండు గుడిసన్ పార్కులో మగవాళ్ల టీమ్ ఆఖరి మ్యాచ్ ఆడారు. మనం ఎవర్టన్ అభిమానులం కాదు, అయినా చూడాలని కమిటీలో అందరూ అన్నారు, నిజంగా సంతోషం వేసింది. 1892 నుంచి ఉన్న గ్రౌండు అది. సౌతాంప్టన్ మీద 2-0, రెండు గోల్సూ ఎన్‌డియాయే కొట్టాడు. సగంలో కరెంటు పోయింది, మిగతాది ఫోన్లో చూశాం, ఒక్క ఫోను చుట్టూ పద్నాలుగు తలకాయలు. అక్కడ పిచ్ అంచున ఎనిమిది వందల మందికి పైగా అభిమానుల అస్థికలు ఉన్నాయని, ఇక చోటు లేక 2004లో ఆపేశారని చెప్తే మనవాళ్లు చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నారు. మనం మహేంద్రతనయ ఏట్లో కలిపినట్టు వాళ్లు గ్రౌండులో కలిపారన్నమాట, మరి ఆ గ్రౌండు కూల్చేస్తే వాళ్ల గతేంటి అని ఒక పెద్దాయన అడిగారు. కూల్చలేదు. ముందు కూల్చుదామనే అనుకున్నారు, తర్వాత మనసు మార్చుకుని ఆడవాళ్ల టీమ్‌కి ఇచ్చారు, ఆ తర్వాతి సీజన్ నుంచి ఎవర్టన్ మహిళలు అక్కడే ఆడుతున్నారు. నాకు ఈ ఏడాది విన్నవాటన్నిట్లోకీ మంచి కబురు ఇదే.

ఇంక మన గ్రౌండు. రైలు కట్ట పక్కన చింతచెట్టు ఉన్న ఖాళీ జాగా, కొత్త పిల్లలకి చూపిద్దామన్నా ఇప్పుడక్కడ కాంపౌండు గోడా గేటూ తప్ప ఏమీ కనపడవు. అది ఎప్పుడూ మన పేరున లేదు, ఎవరో దూరపు ఊళ్లో ఉన్నవాళ్లది, ఆడుకోండని వాళ్ల పెద్దాయన అనేవారు, ఆయన పోయాక స్థలం చేతులు మారింది, ఒక సోమవారం పొద్దున్న చూసేసరికి సిమెంటు స్తంభాలు దింపీసారు. గోల్‌పోస్టులైనా తీసుకుంటాం అంటే లోపలికి రానివ్వలేదు. వేరే చోటు చూపించమని ఒక ఆఫీసుకి మూడుసార్లు అర్జీ పెట్టాం, జవాబు లేదు.

ఆ గ్రౌండు ఎలా ఉండేదో రాయకపోతే మనతోనే పోతుంది. నౌపడా నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలు, 1900లో మన రాజావారి హయాంలో మొదలైన నేరోగేజి బండి, ఆ కట్ట మీదే వెళ్లేది. అది వస్తుంటే ఆట ఆగేది. రూలేం లేదు, అందరూ ఆగేవాళ్లంతే, కిటికీల్లోంచి జనం చేతులూపేవాళ్లు, గోల్‌కీపర్ కూడా వెనక్కి తిరిగి ఊపేవాడు. 2004లో పెద్ద లైను వెయ్యడానికి ఆ బండి ఆపేశారు. పెద్ద రైలొచ్చాక ఆట ఆగడం మానేసింది, అది అంత నెమ్మదిగా వెళ్లదు కదా. వానాకాలం కుడివైపు కార్నర్లో మోకాలి లోతు నీళ్లు, అక్కడ్నుంచి కొట్టిన బంతి ఎప్పుడూ అడ్డదిడ్డంగా వచ్చేది, మాకు తెలుసు, బయటి టీములకి తెలీదు, ఆ గుంట మమ్మల్ని చాలా మ్యాచ్‌లు గెలిపించింది.

ఈ నవంబరులో ఒక మంచి జరిగింది. గోడ కట్టిన మేస్త్రీ ఒకాయన మన సభ్యుడికి చుట్టం, మన పాత గోల్‌పోస్టు ఇనప పైపు ఒకటి వాళ్ల పెరట్లో బట్టలారేసుకునే దండెంగా వాడుతున్నారని తెలిసింది. అడగ్గానే ఇచ్చేశారు, డబ్బులు వద్దన్నారు, మేం కొత్త పైపు కొనిచ్చాం. తెచ్చి చూస్తే తెల్ల రంగు కింద నీలం, నీలం కింద ఎరుపు, ఏ ఏడు ఏ రంగు వేశామో పొరలు పొరలుగా ఉంది. నడుం ఎత్తున సొట్ట కూడా అలాగే ఉంది, అది వరదలొచ్చిన ఏడు బండి గుద్ది పడింది, ఆ సొట్ట మీద చెయ్యి పెట్టి కోచ్ మావయ్య చాలాసేపు తియ్యలేదు. పిల్లలు ఒక్కొక్కళ్లే వచ్చి వాళ్లూ చెయ్యి పెట్టారు.

ఆగస్టు 29న పంతులుగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం, ఏటా ఆడే మ్యాచ్ ఈసారి స్కూలు మైదానంలో అనుమతి అడుక్కుని ఆడాం. పర్లాకిమిడిని 1936లో ఒడిశాలో కలిపినప్పుడు ఆయన మనసు కష్టపెట్టుకుని ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు, అప్పటికి డెబ్బై దాటిన మనిషి. ఆ సంగతి ఏటా మ్యాచ్ ముందు చెప్తాం, ఈ ఏడు చెప్తుంటే మాత్రం నా గొంతు పట్టేసింది. ఒడియా కుర్రాళ్లు కూడా రెండు టీముల్లోనూ ఆడారు, ఎప్పుడూ ఆడతారు. మొదటిసారి ఆడపిల్లల మ్యాచ్ పెట్టాం, ఏడుగురు ఏడుగురు చొప్పున. గుడిసన్ సంగతి విన్నాక వాళ్లే వచ్చి అడిగారు, మాకెప్పుడు అని.

వచ్చే ఏడాదికి కమిటీ అనుకున్నవి: 2026 మే 7కి హైబరీ ఆఖరి మ్యాచ్‌కి ఇరవై ఏళ్లు, ఆ రోజుకి మన పాత గ్రౌండు ఫోటోలన్నీ ఒకచోట చేర్చాలి, ఆల్బముల్లో ఉన్నవి ఫోన్లో ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, వెనక ఏ ఏడాదో రాసుంటే అది కూడా తియ్యండి. ఆడపిల్లల ప్రాక్టీసు వారానికి రెండుసార్లు, బంతులు కొనాలి. దొరికిన ఒక్క ఎకరం లీజుకైనా సరే కాయితం మీద తీసుకోవాలి, నోటిమాట మీద వద్దు, దీనికి విరాళాల పుస్తకం సభలో తెరుస్తాం.

పైపు ప్రస్తుతం మా ఇంటి సందులో గోడకి ఆనించి ఉంది. స్కూలు హెడ్మాస్టరుగారు మైదానం చివర పాతుకోమన్నారు, వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి పాతుదాం. గునపం, పార ఉన్నవాళ్లు తెచ్చుకోండి. సొట్ట మాత్రం గోల్ లోపలివైపుకి తిరిగుండాలి, ముందు అలాగే ఉండేది.

ఇట్లు
కార్యదర్శి