బ్యాటరీ దీపాలన్నీ వెనక్కి ఇచ్చేయండి

మా దుకాణంలో బ్యాటరీతో వెలిగే దీపం కొన్నవాళ్లందరికీ ముందుగా ఒక మాట. దయచేసి దాన్ని ఇక చార్జింగ్‌కు పెట్టకండి. ఇప్పుడు పెట్టి ఉంటే లేచి వెళ్లి తీసేయండి. మిగతాది తర్వాత తీరిగ్గా చదవవచ్చు.

పోయిన దసరా నుంచి, పాత ల్యాప్‌టాప్ భాగాలతో చేసి అమ్మిన 112 బ్యాటరీ దీపాలనూ వెనక్కి తీసుకుంటున్నాను. ఫోన్ నంబరు ఇచ్చినవాళ్లతో ఇప్పటికే మాట్లాడాను. నంబరు ఇవ్వనివాళ్ల కోసం, ఫోన్లో పూర్తిగా చెప్పలేకపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పోయిన సోమవారం హనుమకొండలో మా దుకాణం తెరిచే వేళకే మాస్టారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. చుట్టుపక్కలవాళ్లు నన్ను పాత ఇనుప సామాన్లవాడిగా చూస్తున్న రోజుల్లో నా దగ్గర మొదటి దీపం కొన్న మనిషి. చేతిలో స్టీలు డబ్బా ఉంది. మూత తీస్తే లోపల ఇసుక. ఆ ఇసుకలోంచి దీపం అడుగుచెక్కను తీసి నా బల్ల మీద పెట్టారు. చెక్క మీద అరచేయంత మేర నల్లగా మాడిపోయింది. బ్యాటరీ పెట్టె కరిగి దానికి అతుక్కుపోయింది. రాత్రి చార్జింగ్‌కు పెట్టి పడుకున్నారట. తెల్లవారుజామున కాలిన వాసనకు లేచి, ప్లగ్గు పీకి, దీపాన్ని పెరట్లో ఇసుక కుప్పలోకి విసిరేశారు.

"బాబూ, ఇది మా మనవరాలు చదువుకునే బల్ల మీద ఉండేది. ఆదివారమని వాళ్ల అమ్మమ్మ ఇంటికి వెళ్లింది" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆ దీపం ఎలా తయారవుతుందో మీలో చాలామంది నా పక్కన నిలబడి చూసినవారే. ల్యాప్‌టాప్ తెర పగిలినా దాని వెనకాల కాంతిని పరిచే అక్రిలిక్ పలక, తెల్లటి పొరలు చెడిపోవు. వాటి అంచున 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ బిగిస్తే కిటికీలోంచి పడే వెలుగులా మెత్తగా, నీడ పడకుండా కాంతి వస్తుంది. అందులో తప్పేమీ లేదు. తప్పంతా దానికి కరెంటు ఇచ్చే మూడు సెల్స్‌లో ఉంది.

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీని విప్పితే స్తంభాల్లాంటి సెల్స్ కనిపిస్తాయి. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. అందుకే వాటిని 18650 అంటారు. ఆరు సెల్స్ ఉన్న బ్యాటరీ చచ్చిపోయిందంటే చాలాసార్లు ఒకటో రెండో సెల్స్ చచ్చిపోయాయనే అర్థం. మిగతావాటిలో ఇంకా ప్రాణం ఉంటుంది. ఏది బతికి ఉందో తేల్చడానికి ఓపిక కావాలి. విప్పగానే వోల్టేజి చూస్తాను. 2.5 కంటే తక్కువ ఉంటే పక్కన పడేస్తాను. మిగిలినవాటిని నెమ్మదిగా 4.2 వోల్టుల దాకా నింపుతాను. నింపుతున్నప్పుడు వేడెక్కినదాన్ని తీసేస్తాను. మూడు వారాలు అలమారలో ఉంచి మళ్లీ కొలుస్తాను. వోల్టేజి జారిపోయినదాన్ని తీసేస్తాను. చివరికి పూర్తిగా ఖాళీ చేసి ఎంత సత్తువ ఉందో లెక్క రాస్తాను. పదింటిలో నాలుగు నిలిస్తే మంచి రోజు. నాలుగేళ్లుగా ఈ పని నేనే చేశాను, మా కుర్రాడికి కూడా అప్పగించలేదు. ఆ లెక్కల నోటుపుస్తకం ఎవరు అడిగినా గర్వంగా చూపించేవాణ్ని.

సంక్రాంతి తర్వాత ఒక హాస్టలువాళ్లు 40 దీపాలు అడిగారు. పరీక్షల ముందు కావాలి, నెల రోజులే గడువు. నా దగ్గర పరీక్షించి ఉంచిన సెల్స్ 30 కూడా లేవు. అప్పుడే ఒక వ్యాపారి, రెండేళ్లుగా పగిలిన తెరలూ పాత అడాప్టర్లూ ఇస్తున్నవాడు, తన దగ్గర కొత్త సెల్స్ ఉన్నాయన్నాడు. ఏదో కంపెనీ బ్యాటరీల తయారీ మానేస్తే మిగిలిపోయిన సరుకు అన్నాడు. 200 కొన్నాను. నీలం రంగు తొడుగు, మీద 2600 ఎంఏహెచ్ అని అచ్చు. సెల్‌లో ఎంత కరెంటు నిలవ ఉంటుందో చెప్పే కొలత అది. కొత్తవే కదా, పాతవాటికి చేసినట్టు మూడు వారాల పరీక్ష దేనికి అనుకున్నాను. పదింటికి ఒకటి చొప్పున వోల్టేజి మాత్రం చూశాను. అన్నీ సరిగ్గానే చూపించాయి. అప్పుడే నింపిన సెల్ ఎంత చెడ్డదైనా ఆ పూటకు వోల్టేజి చూపిస్తుందని నాకు తెలుసు. తెలిసీ సరిపెట్టుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. ఆ సెల్స్ అడుగున సన్నటి గీతలు కనిపించాయి. చూశాను. పెట్టెలో ఒకదానికొకటి రాసుకుని పడ్డ గీతలు అనుకున్నాను. సోమవారం మాస్టారు వెళ్లాక, మిగిలి ఉన్న 35 సెల్స్ తొడుగులు బ్లేడుతో కోసి తీశాను. తొడుగు అంచు కింద జంటలు జంటలుగా చిన్న గుంటలు. నికెల్ పట్టీని వెల్డింగ్ చేసినప్పుడు పడే మచ్చలు అవి. అడుగు మధ్యలో ఉన్నవాటిని ఆకురాయితో అరగదీశారు. నేను చూసిన గీతలు ఆ ఆకురాయివే. ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఏళ్లు పనిచేసిన సెల్స్‌ను విప్పి, రుద్ది, కొత్త చొక్కా తొడిగి నాకు అమ్మారు. నాలుగు రోజులు కూర్చుని అన్నింటినీ పరీక్షిస్తే 19 సెల్స్ వెయ్యి ఎంఏహెచ్ కూడా నిలవలేదు. ఏడు, చార్జింగ్‌లో పట్టుకోలేనంతగా వేడెక్కాయి.

లిథియం సెల్ బాగా ఖాళీ అయి నెలల తరబడి మూలన పడి ఉంటే లోపలి రాగి రేకు కొద్దికొద్దిగా కరుగుతుంది. తర్వాత దాన్ని మళ్లీ నింపితే ఆ రాగి ఎక్కడెక్కడో పేరుకుని లోపలే షార్ట్ కావచ్చు. రక్షణ బోర్డు పెట్టానుగా అని మీరు అడగవచ్చు, పెట్టాను. అయితే నేను వాడిన బోర్డు చూసేది వోల్టేజినీ కరెంటునూ. సెల్ కడుపులో పుట్టే వేడి దానికి తెలియదు.

వ్యాపారికి ఫోన్ చేశాను. డబ్బు గురించి కాదు, ఎందుకు అబద్ధం చెప్పావని అడగడానికి. "అన్నా, మీరు చేసేదే పాత సామాన్ల పని. పాతవి వచ్చాయని ఇంత గోల ఎందుకు?" అన్నాడు. 

ఆ మాట ఈ వారం రోజులుగా నన్ను నిద్రపోనివ్వలేదు. నేను పాతవాటితో పనిచేస్తాను, నిజమే. పాత తెరతో మానిటర్ చేసి ఇచ్చినప్పుడు అది ఏ ల్యాప్‌టాప్‌లోదో, ఎన్ని చుక్కలు చచ్చిపోయాయో వెనకాల కాగితం అంటించి ఇస్తాను. పాత హార్డ్ డిస్క్‌ను పెట్టెలో బిగించి ఇచ్చినప్పుడు అది ఎన్ని గంటలు తిరిగిందో చూపించి, ముఖ్యమైన ఫోటోలకు దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దని చెబుతాను. పాత వస్తువును పాతదని చెప్పి అమ్మడం నా వృత్తి. దానికి రంగు కాగితం చుట్టి కొత్తదనడం ఇంకొకరి వృత్తి. ఈ రెండింటినీ ఒక గాటన కట్టేవాడితో నాకు ఇక పని లేదు. తెరలు అతని దగ్గర చవకే. అయినా సికింద్రాబాద్ వెళ్లి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు దుకాణాలు తిరిగి, ఒక్కొక్కటీ వెలిగించి చూసి తెచ్చుకుంటాను. రైలు ఖర్చు నాదే, మీ ధరల్లో కలపను.

ఇక నన్ను నలిపేసిన ప్రశ్న. ఆ 200 సెల్స్‌లో 165 వాడాను, అంటే 55 దీపాలు. హాస్టల్‌లోని 40 దీపాలను సోమవారం మధ్యాహ్నమే ఆటో మాట్లాడుకుని వెళ్లి తెచ్చేశాను. వార్డెన్ గారు ఒక్కటి కూడా తగ్గకుండా లెక్కపెట్టి ఇచ్చారు. మిగిలిన 72 దీపాల్లో 15 నీలం సెల్స్‌వి, అందులో ఒకటి మాస్టారిది. తక్కిన 57 నేను ఒక్కొక్క సెల్ పరీక్షించి చేసినవి. ఏది ఎవరింటికి వెళ్లిందో నేను రాసుకోలేదు. దీపాలకు నంబర్లు వేయలేదు. సెల్స్‌కు లెక్క రాసి దీపాలకు రాయకపోవడం నా తప్పే.

"సంక్రాంతి తర్వాత కొన్నవాళ్లు మాత్రం తీసుకురమ్మని చెప్పు, చాలు" అన్నాడు మా తమ్ముడు. అయితే అంతకుముందు కొన్న దీపాలు కొన్ని రిపేరుకు వచ్చినప్పుడు నీలం సెల్స్ వేసి ఇచ్చాను. "అన్నీ తెప్పించి, విప్పి చూసి, మంచివి మళ్లీ ఇచ్చేయొచ్చు కదా" అంది మా ఆవిడ. అది న్యాయమైన మాట. తొడుగు రంగు చూస్తే తెలిసిపోతుంది. రెండు రాత్రులు ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఆ 57 దీపాల్లోని 171 సెల్స్‌లో ప్రతిదాన్నీ ఈ చేతుల్తో కొలిచాను. వాటిని చెడ్డవాటి వరసలో నిలబెట్టడం కన్నబిడ్డను దొంగ అన్నట్టుంది. కానీ ఆ గీతలను చూసీ చూడనట్టు వదిలేసిన కళ్లూ ఇవే. నా నోటుపుస్తకంలో ఇంకెక్కడ సరిపెట్టుకున్నానో నాకే తెలియనప్పుడు, మీ పిల్లల బల్ల మీద పెట్టుకోమని ఎలా చెప్పను? 2006లో డెల్ కంపెనీ 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను వెనక్కి పిలిచింది. అవన్నీ మండినవి కావు. ఏవి మండుతాయో చెప్పలేక అన్నింటినీ పిలిచారు. నా 112కు కూడా అదే పద్ధతి. ఒక్క బ్యాటరీ దీపం కూడా తిరిగి మీ ఇంటికి రాదు.

మీరు చేయవలసింది ఇది. దీపాన్ని విప్పకండి, సెల్స్ బయటికి తీయకండి. బట్టలకూ కాగితాలకూ దూరంగా, ఇంటి బయట సిమెంటు గచ్చు మీద పెట్టండి. ఇసుక ఉన్న మట్టికుండ అయితే ఇంకా మంచిది. చెత్తబండిలో వేయకండి. బండిలో చెత్తను నొక్కినప్పుడు సెల్ నలిగితే మంటలు లేస్తాయి. పోస్టులోగాని కొరియర్‌లోగాని పంపకండి. వరంగల్, కాజీపేట, హనుమకొండవాళ్లు దుకాణానికి తీసుకురాగలిగితే సంతోషం, వచ్చే రెండు ఆదివారాలు కూడా తెరిచే ఉంటుంది. రాలేనివాళ్లు, జనగామ, కరీంనగర్ వైపు ఉన్నవాళ్లు కబురు చేయండి, నేనే వస్తాను. బిల్లు అవసరం లేదు, నా చేతి పనిని నేను గుర్తుపడతాను. కావాలంటే 750 రూపాయలూ తిరిగి తీసుకోండి. దీపమే కావాలంటే అదే పలకతో, పాత ల్యాప్‌టాప్ అడాప్టర్‌కు 12 వోల్టులకు తగ్గించే బోర్డు కలిపి, బ్యాటరీ లేకుండా చేసి ఇస్తాను. 200 రూపాయలు వెనక్కి కూడా ఇస్తాను. కరెంటు పోతే అది వెలగదు, ఆ సంగతి ముందే చెబుతున్నాను.

సెల్స్‌ను పాత సామాన్లవాళ్లకు అమ్మను. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని పూడ్చకూడదు, కాల్చకూడదు. అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రానికి అప్పగించి, ఆ రసీదును దుకాణం గోడకు అంటిస్తాను.

మానిటర్లు, హార్డ్ డిస్క్ పెట్టెలు, ల్యాప్‌టాప్ కెమెరాతో చేసే వెబ్‌క్యామ్‌లు, బొమ్మలు గీసుకునే లైట్ బల్లలు ఎప్పటిలాగే దొరుకుతాయి. వాటిలో బ్యాటరీ లేదు. బ్యాటరీ దీపం మళ్లీ చేస్తారా అని ఫోన్లో నలుగురు అడిగారు. చేస్తాను. ఎప్పుడన్నది ఇప్పుడు చెప్పను. చేసినప్పుడు ప్రతి దీపానికీ నంబరు ఉంటుంది, ఆ నంబరుకు ఎదురుగా దాని మూడు సెల్స్ లెక్క ఉంటుంది. నేను విప్పని బ్యాటరీలోని సెల్ ఒక్కటీ అందులోకి వెళ్లదు.

మాస్టారి ఇంటికి నిన్న సాయంత్రం కొత్త దీపం తీసుకెళ్లాను. మనవరాలి బల్లను కిటికీ దగ్గరికి జరిపారు, అక్కడికి వైరు అందలేదు. రేపు రెండు మీటర్ల వైరు పట్టుకుని మళ్లీ వెళ్తున్నాను.