దంత ఎక్స్‌రేలో తల కుదురుగా నిలపాలి

సంపాదకులకు,

క్లిప్పులు వేయించుకోబోయే పిల్లలకు డాక్టర్లు సాధారణంగా రెండు ఎక్స్‌రేలు రాస్తారు. ఒకటి దవడలన్నీ కనిపించే ఓపీజీ, రెండోది తలను పక్క నుంచి తీసే లేటరల్ సెఫ్. చాలా సెంటర్లలో రెండూ ఒకే మెషీన్‌పై వెంటవెంటనే తీస్తారు. చిక్కు అక్కడే వస్తుంది. ఓపీజీకి పై, కింది ముందుపళ్ల అంచులు ప్లాస్టిక్ కడ్డీ గాడిలో పడేలా కొరకాలి. అందుకు పిల్లలు కింది దవడను ముందుకు జరిపి, సెఫ్‌కు కూడా అలాగే ఉంచేస్తారు. దాంతో దవడ ఉన్నదానికన్నా ముందుకొచ్చినట్టు పడి, డాక్టరు డిగ్రీల్లో, మిల్లీమీటర్లలో వేసే లెక్కలన్నీ తప్పుతాయి. సెఫ్‌కు ముందు గుటక వేయించి, దవడపళ్లు మామూలుగా కలిశాయో లేదో చూడాలి. ఎత్తుపళ్లున్న పిల్లలు బలవంతంగా పెదాలు మూస్తారు. అలా మూయనివ్వకూడదు, పెదాలు వదులుగా ఉంటేనే అసలు సమస్య కనిపిస్తుంది. సెఫ్‌లో తల కదలకుండా చెవుల్లో ఆనించే కడ్డీలు రెండు వైపులా సమంగా ఆనకపోతే తల తిరిగి, దవడ అంచు రెండు గీతలుగా పడుతుంది.

తల వాలు రెండింటికీ ఒకటే: చెవి రంధ్రం పై అంచు నుంచి కంటిగుంట కింది అంచుకు గీసే గీత నేలకు సమాంతరంగా ఉండాలి. ఓపీజీలో గడ్డం దిగితే పళ్ల వరుస మరీ వంగి, కింది ముందుపళ్ల వేర్లు మసకబారతాయి. గడ్డం లేస్తే అంగిలి నీడ పైపళ్ల వేర్లను కప్పేస్తుంది. మెడ వంగితే వెన్నెముక ముందుపళ్ల మీద తెల్లని పట్టీలా పడుతుంది. మెషీన్ పిడులు పట్టించి, పాదాలు కాస్త ముందుకు వేయిస్తే మెడ నిటారుగా నిలుస్తుంది. నాలుక అంగిలికి ఆనకపోతే పైపళ్ల వేర్లపై నల్లని నీడ వస్తుంది. కిరణాల నుంచి రక్షణకు మెడకు కట్టే పట్టీ (థైరాయిడ్ కాలర్) ఓపీజీకి కట్టకూడదు, అది కిరణాలకు అడ్డొస్తుంది.

తీయకుండా వదిలేసిన కుడి చెవి కమ్మ ఓపీజీలో ఎడమ దవడ మీద, కాస్త పైన, మసకగా మళ్లీ కనిపిస్తుంది. తీరా మెషీన్ దగ్గర బిగుసుకున్న ముక్కుపుడక ఊడదు. కాబట్టి కమ్మలు, ముక్కుపుడక, జడపిన్నులు తీసి రమ్మని అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పాలి.

సరిగ్గా రాని ఎక్స్‌రేను మళ్లీ తీస్తే ఆ కిరణాలు పిల్లల మీద రెండోసారి పడతాయి. ఒక్క నిమిషం ఓపిక పడితే చాలాసార్లు ఆ అవసరమే రాదు. ఓపీజీకి సుమారు 15 సెకన్లు మెషీన్ ముఖం చుట్టూ తిరుగుతుంటే పిల్లలు తలతో దాని వెంటే పోతారు. సెంటర్లవాళ్లు ముందుగా కిరణాలు లేకుండా మెషీన్‌ను ఒకసారి తిప్పి చూపించాలని కోరుతున్నాను.

– ఒక డెంటల్ రేడియాలజిస్టు, గుంటూరు