శనివారం మన బడికి సెలవు ఎందుకంటే

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. చుట్టుపక్కల బడులు శనివారం నడుస్తుండగా మన బడి మాత్రం ఎందుకు మూసి ఉంటుందని, ఈ ఏడాది కొత్తగా పిల్లల్ని చేర్పించినవారిలో చాలామంది అడిగారు. ఇది సెవెంత్‌డే అడ్వెంటిస్టు అనే క్రైస్తవ సంఘం నడిపే బడి, ఈ సంఘం బడుల్లో ఇదే పద్ధతి అని చెప్పి ఊరుకోవచ్చు గాని, ఆ జవాబు మీకు చాలదు, నాకూ తృప్తినివ్వదు.

శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం వరకు మేము ఆచరించేది విశ్రాంతి దినం. దానిని పరిశుద్ధంగా జ్ఞాపకం ఉంచుకోమని పది ఆజ్ఞలలో నాలుగవది చెబుతుంది. ఎందుకన్నదానికి బైబిలులో రెండు చోట్ల రెండు కారణాలున్నాయి. దేవుడు ఆరు దినాలలో భూమ్యాకాశాలను సృజించి ఏడవ దినాన విశ్రమించాడని నిర్గమకాండము 20వ అధ్యాయం చెబుతుంది. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలో మోషే ప్రవక్త యూదుల పూర్వీకులకు అదే ఆజ్ఞను మళ్లీ వినిపిస్తూ, మీరు ఐగుప్తులో (ఈజిప్టులో) దాసులుగా ఉన్న సంగతినీ, దేవుడు మిమ్మల్ని అక్కడి నుంచి విడిపించిన సంగతినీ మరవవద్దంటాడు. యూదుల ఇళ్లలో శుక్రవారం రాత్రి ద్రాక్షారసపు గిన్నె చేతబట్టి చేసే ప్రార్థనలో ఈ రెండు జ్ఞాపకాలూ నేటికీ వినిపిస్తాయి.

నా మట్టుకు రెండో కారణమే మనసును ఎక్కువగా పట్టుకుంటుంది. మట్టిలో కలిపే గడ్డి కూడా ఇవ్వకుండా అదే లెక్కకు ఇటుకలు చేయమన్న ఐగుప్తు దొరతనం కింద నలిగినవారికి ఒక్క పూట తెరిపి విలువ ఏమిటో తెలుసు. అందుకే ఆ ఆజ్ఞ ఇంటి యజమానితో ఆగదు. కొడుకును, కూతురిని, దాసుణ్ని, దాసిని, ఎద్దును, గాడిదను, చివరికి ఇంట ఉన్న పరదేశిని కూడా వరసగా తలచుకుని, నీతోపాటు వారూ విశ్రమించాలంటుంది.

శుక్రవారం మధ్యాహ్నం మా హాస్టలుకు వస్తే ఇది కళ్లారా చూడవచ్చు. పిల్లలు బట్టలు ఇస్త్రీ చేసుకుని, బూట్లకు పాలిష్ పెట్టుకుంటుంటారు. వంటగదిలో మరునాటికి పులిహోర కలిపి మూతపెట్టి, పొద్దుగూకేలోగా పొయ్యి ఆర్పేస్తారు. ఆ తరువాత వంట చేసే అమ్మలు కూడా చేతులు కడుక్కుని వచ్చి, పిల్లల పక్కనే చాప మీద కూర్చుని కీర్తనలు పాడతారు.

మన విద్యార్థులలో హిందూ, ముస్లిం కుటుంబాలవారూ ఉన్నారు. మీ ఆచారాలను మార్చుకోమని ఈ ఉత్తరం అడగడం లేదు. శనివారాన్ని ట్యూషన్లతో నింపవద్దని మాత్రం ప్రాధేయపడుతున్నాను. వీలైతే పిల్లలను తాతయ్య, నానమ్మల దగ్గర కూర్చోబెట్టండి. మీ కుటుంబం ఏ పని చేసి పైకి వచ్చిందో, కష్టకాలంలో ఎవరు చేయందించారో వారి నోటనే విననివ్వండి. ఇంట్లో పనిచేసే మనిషి ఉంటే ఆ రోజు ఆమెకూ సెలవిచ్చి, ఎవరి కంచం వారే కడుక్కునేలా చూడండి.

శుక్రవారం ఇచ్చే హోంవర్కు ఆదివారం ఒక పూటలో పూర్తయ్యేంత మాత్రమే ఉండాలని ఉపాధ్యాయులకు చెప్పాను. అంతకు మించి ఇస్తే డైరీలో రాసి నాకు తెలియజేయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు