నాన్న మగ్గం మాటలు దొరికాయి. సీటీసీలోని భాయ్‌కి శుక్రియా

రాత్రంతా నిద్ర లేదు, కళ్ళు మండుతున్నాయి. అయినా పడుకునే ముందే ఇది రాయాలి.

మాది పోచంపల్లి పక్కన పల్లె. నాన్న బడిలో పంతులుగా చేస్తూ, సాయంత్రాలు నేతవాళ్ళ ఇళ్ళు తిరిగి మగ్గం మాటలు, అంటే నేతపనిలో వాడే పదాలు, కూడబెట్టారు. వాటిని ఇంట్లోని విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో ఏళ్ళ తరబడి ఆయనే టైపు చేసుకున్నారు. ఇప్పుడాయనకు చూపు మందగించింది. నోటుపుస్తకాలను చెదలు తినేసింది. మాటలన్నీ మిగిలింది ఆ 80 జీబీ హార్డ్ డిస్కులోనే.

ఈమధ్య సిస్టం ఆన్ చేస్తే నల్ల తెర మీద ‘స్మార్ట్ స్టేటస్ బ్యాడ్, బ్యాకప్ అండ్ రీప్లేస్’ అని వచ్చింది, అంటే డిస్కు పోయేలా ఉంది, కాపీ తీసుకుని మార్చుకో అని. డబ్బాలోంచి ఉండి ఉండి టక్ టక్ మని చప్పుడు. ఒక డేటా రికవరీ సెంటర్‌కు పోతే (పేరెందుకులెండి) పరీక్ష ఫీజు ముందే కట్టించుకుని, ముప్పై వేల పైనే అవుతుంది, గ్యారంటీ మాత్రం ఇవ్వలేం అన్నారు. ఇంకోచోట డిస్కును చేతితో కూడా ముట్టుకోలేదు. “ఎక్స్‌పీ ఇంకా ఎవరు వాడుతున్నారు సార్, కొత్తది తీసుకోండి” అన్నారు.

చివరికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు (సీటీసీ) పోయాను. అక్కడ ఒక మూల చిన్న కొట్టు, అందులో ఈ భాయ్. ముందు డిస్కును కలిపే పట్టీలాంటి ఐడీఈ కేబుల్ మార్చారు. తర్వాత కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ మార్చారు. చప్పుడు పోలేదు. డిస్కు తన బాగోగులు తానే రాసుకునే స్మార్ట్ రీడింగులు తీసి వేలు పెట్టి చూపించారు. కేబుల్ తప్పులు లెక్కపెట్టే 199వ నంబరు దగ్గర సున్నా ఉంది, కాబట్టి తప్పు కేబుల్‌ది కాదు. 5, 197 నంబర్ల దగ్గర అంకెలు పెరుగుతున్నాయి, అంటే డిస్కులోనే సెక్టార్లు (డేటా రాసుకునే చిన్న చిన్న గళ్ళు) పోతున్నాయి. “విండోస్‌లో డిస్కు బాగుచేసే చెక్‌డిస్క్ మాత్రం నడపొద్దు భాయ్. బాగు చేస్తా అనుకుంట ఉన్నది కూడా పోగొడ్తది” అన్నారు.

లైనక్స్ పెన్‌డ్రైవ్ పెట్టి, పాడవుతున్న డిస్కు నుంచి కాపీ తీసే డీడీరెస్క్యూ మొదలుపెట్టారు. అది బాగున్న చోట్లను ముందు కాపీ చేసుకుంటుంది, మొండికేసిన చోట్లను వదిలేసి తర్వాత మళ్ళీ వాటి దగ్గరికొస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా అక్కణ్ణించే అందుకుంటుంది. షాపు కట్టే టైం అయితే నన్ను పొమ్మనలేదు. అంతా మూటగట్టుకుని తన ఇంటికే తీసుకుపోయారు, నన్నూ రమ్మన్నారు. డిస్కు వేడెక్కుతోందని ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాన్ దానివైపు తిప్పి పెట్టారు. ఉక్కపోతలో ఆ ఇంటివాళ్ళంతా అట్లాగే పడుకున్నారు.

తెల్లవారుజామున ఫైళ్ళు తెరుచుకున్నాయి, కానీ అన్నీ పిచ్చి గీతలే. నా గుండె జారిపోయింది. ఆయన పాత డిస్కు కాపీలోని ఫాంట్స్ ఫోల్డర్ వెతికి, అను ఫాంట్లు తీసుకుని ఎక్కించారు. అక్షరాలు వచ్చాయి. అప్పుడు ఆయన నా వైపు తిరిగి, “నాకు తెలుగు చదువ రాదు భాయ్. ఇది సరిగ్గ ఉందా లేదా నువ్వే చదివి చెప్పాలె” అన్నారు. చదివాను. పడుగు. పేక. నాడె. కండె. ఒక్కో పేజీ తిప్పుతూ, నేను చదివేదాకా ఆగి, తల ఊపి, తర్వాతి పేజీకి పోయారు. ‘ఆసు’ దగ్గర ఆపి అదేంటని అడిగారు. చింతకింది మల్లేశం గారు ఆసు మిషన్ కనిపెట్టకముందు మా ఆడవాళ్ళు పొద్దంతా చెయ్యి అటూ ఇటూ తిప్పుతూ దారం పోసేవాళ్ళని చెప్పబోయాను. గొంతు పూడుకుపోయి ఏడ్చేశాను. ఆయన ఏమీ అనలేదు. గ్లాసుతో నీళ్ళు తెచ్చి పెట్టి, నేను తేరుకున్నాక “ఆఁ, ఆసు... ఆగే (తర్వాత)?” అన్నారు.

కొత్త డిస్కు ధర తప్ప పైసా తీసుకోలేదు. భాయ్, మీ ఇంట్లోవాళ్ళ ఆ రాత్రి నిద్రకు నేనేం ఇవ్వగలను?

ఒక్క మాట అనకుండా ఉండలేను. డిస్కుకు వారంటీ ఇస్తారు, అందులో ఉన్నదానికి ఎవరూ ఇవ్వరు. పోతే కొత్తది చేతిలో పెట్టి పాతది పట్టుకుపోతారు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014లోనే చేతులు దులుపుకుంది. నాన్నలాంటి పంతుళ్ళు పల్లెపల్లెనా ఇట్లా కూడబెట్టినవి ఎన్ని డిస్కుల్లో ఉన్నాయో! తీసుకొని భద్రపరచండని మేము తిరిగిన ఆఫీసుల్లో ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు. నాకు కోపంగా ఉంది, చాలా కోపంగా ఉంది.

తమ్ముడు, మా ఆవిడ తోడున్నారు, వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, మర్చిపోయాను. సీటీసీకి పొమ్మని చెప్పిన జిరాక్స్ షాపు అక్కకు కూడా థాంక్స్. ఆ డబ్బా అంతా ఒళ్ళో పెట్టుకుంటే విసుక్కోకుండా మెల్లగా నడిపిన ఆటో అన్నకు. మొదటి పది పేజీలు అప్పుడే ఆ ఫాంట్లు లేకున్నా ఎక్కడైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి పంపిన నాన్న పాత శిష్యురాలికి. పక్క షాపులో ఐడీఈ కేబుల్ అరువిచ్చిన తమ్ముడూ, అది ఇంకా నా సంచిలోనే ఉంది, సోమవారం తెచ్చిస్తాను.