అంపైర్ తప్పుకు సంజాయిషీ ఎవరిస్తారు?

అంతర్జాతీయ క్రికెట్ మండలి ఛైర్మన్ గారికి,

నమస్కారం. విడిగా రాసిన లేఖలకు జవాబు రాలేదు కాబట్టి ఇది అందరి ముందూ పెడుతున్నాను.

అంపైర్ ఇచ్చిన ఎల్బీడబ్ల్యూ నిర్ణయాన్ని టీవీ సాయంతో మళ్లీ పరిశీలించే డీఆర్‌ఎస్‌లో, బంతి సగం కంటే తక్కువే వికెట్లకు తగులుతుందని తేలితే మైదానంలోని అంపైర్ మాటే నిలుస్తుంది. అంటే అలాంటి బంతికే ఒకరు అవుట్, ఇంకొకరు నాటౌట్. దానికి నా అభ్యంతరం లేదు. ఎవరో ఒకరిది చివరి మాట కాకపోతే ఆట సాగదు, రాజ్యమూ సాగదు. కానీ చివరి మాట చెప్పే అధికారం వేరు, సంజాయిషీ ఇవ్వక్కర్లేని అధికారం వేరు. 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి గీత దాటినా గోల్ ఇవ్వలేదు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా అధ్యక్షుడు క్షమాపణ చెప్పారు. 2012లో, బంతి గీత దాటిందో లేదో చెప్పే గోల్‌లైన్ టెక్నాలజీకి అనుమతి వచ్చింది.

ఇక్కడ నలిగేది బ్యాటర్ ఒక్కడే కాదు. ఫోన్ తెరిస్తే బూతులు చదవాల్సిన అంపైర్‌కు తన వాదన చెప్పుకునే వీలైనా ఉండాలి కదా!

ప్రతి అంతర్జాతీయ మ్యాచ్ తర్వాత వారంలోగా తప్పుడు నిర్ణయాలను కారణాలతో సహా ప్రకటించండి. మీ జవాబు కూడా బహిరంగంగానే ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక క్రికెట్ అభిమాని