పూరీ బస్సులు ఉదయగిరి దగ్గర అరగంట ఆగితే సరిపోదు

సంపాదకుడికి,

అయ్యా,

కార్తీకం వచ్చినా, సంక్రాంతి సెలవులు వచ్చినా మన జిల్లాల నుంచి పూరీకి బస్సులు బారులు తీరతాయి. జగన్నాథుడి దర్శనం, కోణార్క, ధవళి, లింగరాజ ఆలయం, నందన్‌కానన్ జూ. ఏ ట్రావెల్స్ కరపత్రం చూసినా ఇదే వరస. భువనేశ్వర్ శివార్లలోని ‘ఖండగిరి గుహలు’ కూడా అందులో ఉంటాయి గానీ, వాటికి దక్కేది అరగంట, మహా అయితే ముప్పావుగంట. బస్సు రోడ్డు పక్కన ఆగుతుంది. జనం ఎదురుగా కనిపించిన మెట్లెక్కి, పైన గుడిలో దణ్ణం పెట్టుకుని, కొండముచ్చులకు వేరుశెనగలు వేసి దిగివస్తారు. ‘ఏముందండీ అక్కడ, ఖాళీ గుహలు’ అని ఊరికొచ్చాక చెబుతారు. ఈ పద్ధతి మార్చమని యాత్రలు నడిపేవారినీ, రెండు తెలుగు రాష్ట్రాల పర్యాటక శాఖలనూ, కేంద్ర పురావస్తు శాఖనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

పొరపాటు కొండ దగ్గరే మొదలవుతోంది. అక్కడ ఉన్నది ఒక కొండ కాదు, రెండు. మధ్యలో రోడ్డు. నగరం వైపు నుంచి వస్తుంటే ఎడమచేతి వైపుది ఖండగిరి, కుడిచేతి వైపుది ఉదయగిరి. రెండూ నలభై మీటర్ల లోపు ఎత్తే. ఖండగిరిలో 15 గుహలు, ఉదయగిరిలో 18 ఉన్నాయి. ఖండగిరి పైన ఋషభనాథుడి జైన ఆలయం ఉంది, ఎక్కడానికి టికెట్టూ లేదు, అందుకని బస్సులవాళ్ళు అటు చెయ్యి చూపిస్తారు. తప్పక చూడవలసిన రాణీ గుంఫా, హాథీ గుంఫా (గుంఫా అంటే గుహ) మాత్రం టికెట్టు ఉన్న ఉదయగిరి మీద ఉన్నాయి. పాతిక రూపాయల దగ్గర వెనకాడి రెండువేల ఏళ్ళ నాటి ముఖ్యమైన గుహలను వదిలేసుకుంటున్నాం.

సొంత కారులో వెళ్ళేవారికి ఇంకో చిక్కు. ఫోన్ మ్యాపులో ‘ఉదయగిరి’ అని కొడితే నెల్లూరు వైపు కోట ఊరు వస్తుంది, లేదా మధ్యప్రదేశ్‌లో విదిశ దగ్గరి గుప్తుల గుహలు వస్తాయి. ఒడిశాలోనే రత్నగిరి, లలితగిరి పక్కన మరో ఉదయగిరి ఉంది, అది బౌద్ధ క్షేత్రం. కాబట్టి ‘ఖండగిరి, భువనేశ్వర్’ అని వెతికి, అక్కడికి చేరాక కుడివైపు కొండకు వెళ్ళడమే సులువు.

ఖాళీ గుహలన్న మాటకు వద్దాం. ఇవి గుళ్ళు కావు, వర్షాకాలంలో ఊరూరా తిరగకుండా ఒకేచోట ఆగే జైన మునుల కోసం తొలిపించిన వసతి గదులు. విగ్రహం కోసం వెతికితే ఏమీ కనిపించదు. వంగి గది లోపలికి చూడాలి. చాలా గదుల్లో మనిషి నిటారుగా నిలబడలేడు, ద్వారాలు కూడా చిన్నవే. నేల వెనక గోడ వైపు కాస్త ఎత్తుగా తేలి ఉంటుంది. అది రాతి తలగడ. పడుకునే ముని తల అటువైపు ఉండేలా నేలనే అలా చెక్కారు. బయట వరండాలో గోడ పొడవునా రాతి అరుగు, సామాను పెట్టుకోవడానికి పక్క గోడలో రాతి అర ఉంటాయి. ఆనాటి సన్యాసికి ఇచ్చిన సౌకర్యం అంతే. ఆ తలగడ ఒక్కటి చూపిస్తే పిల్లలు కూడా మిగతా గదుల్లో దానికోసం వెతుకుతారు.

లోపల అంత నిరాడంబరంగా ఉంచి, ముఖభాగం మీద మాత్రం శిల్పులు చేతులు కట్టుకోలేదు. రాణీ గుంఫా రెండంతస్తులది. మూడువైపులా గదులు, మధ్యలో వాకిలి, నాలుగో వైపు ఆగ్నేయానికి తెరిచి ఉంటుంది. అందుకే ఉదయం ఎండలో దాని బొమ్మలు బాగా కనిపిస్తాయి. పై అంతస్తులో ద్వారాల పైనున్న శిల్పాల పట్టీని ఎడమ నుంచి కుడికి కథలాగా చదువుకుంటూ పోవాలి: ఏనుగుల గుంపును ఎదుర్కొనే ఆడామగా, ఒక స్త్రీ అపహరణ, గుర్రం దిగి వేటకు వచ్చిన దొర, రెక్కలున్న లేడి, చెట్టుకొమ్మ మీద కూర్చున్న స్త్రీ. ఇది ఏ కథ అన్నదానిపై పండితులకు ఇంకా పేచీలే. గైడ్లు దీన్ని రాణిగారి అంతఃపురం అంటారు, నమ్మనక్కరలేదు. పేరు రాణిదైనా గదులు మునులవే. కింది అంతస్తు స్తంభాలు చాలావరకు ఈ కాలంలో పురావస్తు శాఖ నిలబెట్టినవి. పాతవేవో, కొత్తవేవో తేడా ఇట్టే తెలుస్తుంది.

ఇక హాథీ గుంఫా. చూడ్డానికి పెద్ద సహజ గుహ, చెక్కుడు పని పెద్దగా లేదు. తల పైకెత్తితే కొండ నొసటి మీద బ్రాహ్మీ లిపిలో 17 పంక్తుల ప్రాకృత శాసనం ఉంది. కళింగ రాజు ఖారవేలుడి పాలనను అది ఏడాది వరసన చెబుతుంది. ఆయన కాలం క్రీస్తుపూర్వం 1వ శతాబ్దమని చాలామంది చరిత్రకారుల లెక్క, ఇంకా ముందని కొందరంటారు. ‘నమో అరహంతానం, నమో సవ సిధానం’ అంటూ మొదలవుతుంది. మొదటి ఏడాది ఆయన చేసిన పని, గాలివాన కూల్చిన కళింగ నగరపు గోపురాలు, ప్రాకారాలు, ఇళ్ళు బాగుచేయించడం. తితిలీని, హుద్‌హుద్‌ను చూసిన శ్రీకాకుళం, విశాఖ వాళ్ళకు ఆ పంక్తిని వివరించి చెప్పాలా?

అందులో తెలుగు నేల ప్రస్తావన కూడా ఉంది. రెండో ఏడాది శాతవాహన రాజు శాతకర్ణిని లెక్కచేయకుండా పడమటికి సైన్యాన్ని పంపాడు, అది కన్హబేణ్ణా నది దాకా వెళ్ళింది. ఆ నది మన కృష్ణవేణి అని చాలామంది, వైన్‌గంగ ప్రాంతపు నది అని మరికొందరు అంటారు. పదకొండో ఏడాది పిథుండ నగరాన్ని గాడిదలు కట్టిన నాగళ్ళతో దున్నించాడు. ఆ నగరం కృష్ణా తీరంలో, మచిలీపట్నం పరిసరాల్లో ఉండేదని ఎక్కువమంది అభిప్రాయం. ఇదంతా మన ఊళ్ళ చరిత్ర. బోర్డులు చూస్తే ఒడియా, హిందీ, ఇంగ్లిషు. శాసనం ఎత్తులో ఉంది, అక్షరాలు చాలాచోట్ల అరిగిపోయాయి, పక్కన ఎవరో ఒకరు చెబితే తప్ప అక్కడ రాత ఉందనే చాలామంది గమనించరు. చిన్న దుర్భిణి వెంట ఉంటే మేలు.

ఉదయగిరికి కనీసం గంటన్నర, ఖండగిరికి ముప్పావుగంట ఇవ్వాలి. పొద్దున్నే మొదట ఉదయగిరి ఎక్కాలి. గేటు దాటాక కుడివైపు దారిలో ముందు రాణీ గుంఫా వస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు అది చూసి వెనుదిరిగినా ఫరవాలేదు, అక్కడిదాకా ఎక్కుడు తక్కువే. మిగతావారు గుహల నంబర్ల వరసనే పైకి పోతే 9వ నంబరు మంచపురి-స్వర్గపురి, 10వది గణేశ గుంఫా తగులుతాయి. స్వర్గపురి శాసనంలో ఖారవేలుడి పట్టపురాణి దానం ఉంది. గణేశ గుంఫా ముందు రాతి ఏనుగులు నిలబడి ఉంటాయి. లోపలి గణేశుడు తర్వాతి కాలంలో చెక్కినవాడు. 12వది బాఘ్ గుంఫా. పులి నోరు తెరిచినట్టు బండను మలిచారు, గొంతు ఉండవలసిన చోట ఒకే ఒక గది. దాన్ని ఇచ్చినవాడు సభూతి అనే నగర న్యాయాధికారి అని పైన చిన్న శాసనం చెబుతుంది. దాని తర్వాత సర్ప గుంఫా, ఆ పక్కనే 14వది హాథీ గుంఫా. హాథీ గుంఫాకు పైన కొండ నెత్తిన గజపృష్ఠాకారపు, అంటే ఒక కొస గుండ్రంగా ఉండే కట్టడం పునాదులు ఉన్నాయి, ఓపిక ఉంటే అదీ చూడవచ్చు.

ఖండగిరి మీద 3వ నంబరు అనంత గుంఫాలో గజలక్ష్మిని, రథం మీది సూర్యుణ్ణి చూసి, 7, 8 నంబర్లు నవముని, బారభుజి గుహలకు పోవాలి. అక్కడి తీర్థంకరుల, వారి పరివార దేవతలైన శాసనదేవతల బొమ్మలు ఖారవేలుడి తర్వాత వెయ్యేళ్ళకు వచ్చినవి. నవమునిలో సోమవంశపు రాజు ఉద్యోతకేసరి నాటి, అంటే 11వ శతాబ్దపు శాసనం ఉంది.

ఎక్కడ బెడిసికొడుతుందో కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటితే బండ కాలుతుంది, నీడ తక్కువ. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం, అయితే మాఘ సప్తమికి ఖండగిరిలో జాతర మొదలవుతుంది, ఆ రోజుల్లో గుహల్లోకి తొంగి చూసే వీలుండదు. చేతిలో తిండి పొట్లం కనిపిస్తే కొండముచ్చులు ఊరుకోవు. పల్లీలు వేసి వాటికి ఆ అలవాటు చేసింది మనమే. ఇది ముతక ఇసుకరాయి. ఉలికి ఎంత సులువుగా లొంగిందో తాళంచెవికీ అంతే సులువుగా లొంగుతుంది. గోడల మీద ప్రేమికుల పేర్లు అలా వచ్చినవే. మన బృందాల్లో ఒక పెద్ద మనిషి కాపలా ఉన్నా చాలు.

యాత్రలు నడిపేవారికి ఒక సూచన. సోమవారం నందన్‌కానన్‌కు సెలవు. ఆ రోజు భువనేశ్వర్‌లో ఉండే బస్సులు జూకి పెట్టుకున్న సమయాన్ని ఉదయగిరికి ఇస్తే అదనంగా పైసా ఖర్చు లేదు. పురావస్తు శాఖ హాథీ గుంఫా దగ్గర, కింద నిలబడి చదువుకునే ఎత్తులో, శాసనం సారాన్ని తెలుగులో ఒక బోర్డుగా పెట్టించాలి. శాతకర్ణి, పిథుండ ఏ పంక్తుల్లో ఉన్నాయో అంకెలతో చూపించాలి. మన పర్యాటక శాఖలు పూరీ ప్యాకేజీ టికెట్టుతో పాటు ఒక్క కాగితం, రెండు కొండల పటం, చూడవలసిన గుహల నంబర్లు అచ్చువేసి ఇవ్వాలి. విజయనగరం మీదుగా తిరిగి వచ్చే బస్సులు రామతీర్థంలో రాముణ్ణి చూసి వచ్చేస్తుంటాయి. అక్కడి కొండ గుహల్లోనూ జైన విగ్రహాలు, చాళుక్య విమలాదిత్యుడి కాలపు శాసనం ఉన్నాయి. ఆ కాగితం వెనకవైపు వాటికీ నాలుగు పంక్తులు కేటాయిస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
శ్రీకాకుళం