పార్కింగ్ దావాలు: జవాబివ్వనివారే ఓడిపోతున్నారు

సంపాదకులకు,

అయ్యా,

ఇంగ్లండ్‌కు చదువుకోవడానికి, ఆసుపత్రుల్లో, కేర్ హోముల్లో, సాఫ్ట్‌వేర్ సంస్థల్లో పనిచేయడానికి వచ్చిన తెలుగువారిలో కారు కొన్న ప్రతి ఒక్కరికీ నేడో రేపో ఎదురయ్యే ఒక సమస్యను మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. సూపర్‌మార్కెట్ ఆవరణలోనో, రిటైల్ పార్కులోనో కాస్త ఎక్కువసేపు కారు నిలిపినందుకు వంద పౌండ్లు కట్టమని ప్రైవేటు పార్కింగ్ కంపెనీ నోటీసు పంపుతుంది. కట్టకపోతే కొన్ని నెలలకు నార్తాంప్టన్‌లోని కేంద్రం నుంచి కౌంటీ కోర్టు (సివిల్ తగాదాలు చూసే కోర్టు) దావా పత్రం ఇంటికి వస్తుంది. ఈ దావాల్లో గట్టిగా నిలబడి ఎదుర్కోదగినవి చాలానే ఉంటాయి. కానీ నాకు తెలిసి ఓడిపోయిన మనవాళ్లలో ఎవరూ న్యాయమూర్తి ముందు వాదించి ఓడిపోలేదు. గడువులోగా జవాబు దాఖలు చేయక ఓడిపోయారు.

ఇలాంటి నోటీసు ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టగానే రెండు రకాల సలహాలు వచ్చిపడతాయి. 'వీసా మీద ఉన్నాం, గొడవలెందుకు, కట్టేసెయ్' అన్నది ఒకటి. 'అది ప్రభుత్వం వేసిన జరిమానా కాదు, చించి పారెయ్' అన్నది రెండోది. మొదటిది భయంలోంచి పుట్టిన మాట. ఇది సివిల్ వ్యవహారమే తప్ప నేరం కాదని తెలిస్తే ఆ భయం సగం తగ్గుతుంది. రెండోది ఒకప్పుడు కొంతవరకు చెల్లిన సలహా. 2012 అక్టోబర్ 1కి ముందు కారు నడిపిన మనిషి ఎవరో కంపెనీ తేల్చుకోలేకపోతే దావా నిలిచేది కాదు. ఆ ఏడాది వచ్చిన ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రైవేటు స్థలాల్లో కార్ల చక్రాలకు తాళాలు వేయడాన్ని నిషేధించింది. అదే సమయంలో, డ్రైవరు ఎవరో తెలియనప్పుడు కొన్ని షరతులకు లోబడి రిజిస్టర్డ్ కీపర్ (ప్రభుత్వ వాహన రికార్డుల్లో కారు ఎవరి పేరున ఉందో ఆ వ్యక్తి) నుంచే సొమ్ము రాబట్టుకునే వీలును కంపెనీలకు కల్పించింది.

2015 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు పార్కింగ్‌ఐ అనే కంపెనీకీ, కారు నిలిపిన బీవిస్‌కూ మధ్య కేసులో ఇచ్చిన తీర్పుతో ఆ పాత సలహాకు పూర్తిగా కాలం చెల్లింది. చెమ్స్‌ఫర్డ్‌లోని ఒక రిటైల్ పార్కులో రెండు గంటలు ఉచితం. అంతకు మించి 56 నిమిషాలు ఉన్నందుకు విధించిన 85 పౌండ్లు న్యాయవిరుద్ధమైన జరిమానా అన్న వాదనను కోర్టు తోసిపుచ్చింది. అయితే కంపెనీలు తమ ఉత్తరాల్లో గొప్పగా ఉటంకించే ఈ తీర్పును పూర్తిగా చదివినవారికి అందులో మనకు పనికొచ్చే మాటలూ కనిపిస్తాయి. అక్కడి బోర్డులు పెద్దవి, స్పష్టమైనవి, ప్రవేశద్వారం దగ్గరా లోపలా విరివిగా ఉన్నవి కాబట్టే కారు నిలిపిన మనిషికీ కంపెనీకీ మధ్య ఒప్పందం కుదిరిందని కోర్టు భావించింది. చెట్టుకొమ్మల చాటున, దీపం లేని మూలన, కారు దిగి దగ్గరికి వెళ్తే తప్ప కనిపించనంత చిన్న అక్షరాల్లో రుసుము రాసి ఉన్న చోట అదే తీర్పు ప్రతివాదికి ఆయుధమవుతుంది. ఆ బోర్డుల ఫొటోలను నోటీసు వచ్చిన వారంలోనే, వీలైతే కారు నిలిపిన వేళకే వెళ్లి తీసిపెట్టుకోవాలి. ఏడాది తర్వాత వెళ్తే కొత్త బోర్డులు వెలిసి ఉండవచ్చు.

మన దగ్గర పార్కింగ్ తగాదా గేటు దగ్గర చీటీ రాసే మనిషితోనే తేలిపోతుంది. ఇక్కడ చాలాచోట్ల గేటూ ఉండదు, మనిషీ ఉండడు. స్తంభానికి బిగించిన కెమెరా నంబరు ప్లేటును లోపలికి వచ్చేటప్పుడొకసారి, బయటికి వెళ్లేటప్పుడొకసారి ఫొటో తీస్తుంది. ఆ రెండు ఫొటోల మధ్య కాలాన్నే కంపెనీ కారు నిలిపిన కాలంగా లెక్కగడుతుంది. ఖాళీ కోసం చుట్లు తిరిగిన సమయం, పసిపిల్లను వెనుక సీటులో కట్టి కూర్చోబెట్టిన సమయం, శనివారం మధ్యాహ్నం బయటికి వెళ్లే దారిలో కార్ల బారులో ఇరుక్కున్న సమయం అన్నీ అందులో కలిసిపోతాయి. డబ్బు కట్టే యంత్రంలో సున్నాకు బదులు 'ఓ' అక్షరం నొక్కితే, డబ్బు చేరినా కట్టనట్టే నోటీసు వస్తుంది. ఇలాంటి చిన్న పొరపాట్లకు నోటీసును రద్దు చేయాలని ఆ పరిశ్రమ నియమావళే చెబుతున్నా, అడగనివారికి ఆ సంగతి ఎవరూ చెప్పరు. మొబైల్ సిగ్నల్ సరిగా అందక, ఐదు నిమిషాల్లోపు డబ్బు కట్టలేకపోయిన డెర్బీ మహిళ ఒకరిపై 1,906 పౌండ్లకు దావా పడిన సంగతి 2024లో ఇక్కడి పత్రికల్లో ప్రముఖంగా వచ్చింది. తర్వాత కంపెనీ ఆ దావాను ఉపసంహరించుకుంది. ఆ ఐదు నిమిషాల నిబంధన విషయంలో నియమావళినీ సవరించవలసి వచ్చింది.

కీపర్‌ను బాధ్యుణ్ని చేయడానికి చట్టం పెట్టిన షరతులు మనవాళ్లకు ప్రత్యేకంగా తెలియాలి. ఒక ఇంట్లో నలుగురు విద్యార్థులు కలిసి ఒకే కారు వాడుకోవడం మనలో మామూలే (నలుగురి పేర్లూ బీమాలో ఉన్నాయనే ఆశిద్దాం). అద్దం మీద నోటీసు అంటించకుండా కెమెరా ఆధారంగానే వసూలుకు దిగిన కంపెనీ, కారు నిలిపిన మర్నాటి నుంచి లెక్కవేసి 14 రోజుల్లోగా చట్టం నిర్దేశించిన వివరాలతో కీపర్‌కు నోటీసు అందేలా చూడాలి. అలా అందకపోతే కీపర్ అన్న ఒక్క కారణంతో సొమ్ము అడిగే హక్కు దానికి ఉండదు. డ్రైవరు ఎవరో చెప్పి తీరవలసిన బాధ్యత కూడా ప్రైవేటు నోటీసు విషయంలో కీపర్‌కు లేదు. అయితే ఇదే ధీమాను అన్నిచోట్లా చూపకూడదు. వేగం మించారని పోలీసులు పంపే నోటీసుకు డ్రైవరు పేరు చెప్పకపోవడం నేరం. కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) పంపే పార్కింగ్ జరిమానాకు అప్పీలు దారి, పర్యవసానాలు పూర్తిగా వేరు. కాబట్టి ఏ ఉత్తరం వచ్చినా పంపింది ఎవరో ముందు చూసుకోవాలి.

దావాకు ముందు వసూలు ఏజెన్సీల నుంచి ఎర్ర అక్షరాల ఉత్తరాలు వస్తాయి. వంద పౌండ్లకు మరో 70 జోడించే ఆ ఏజెన్సీలకు ఇంటి గడప తొక్కే అధికారం లేదు. అసలు పట్టించుకోవలసింది దావా వేయబోతున్నామని 30 రోజుల గడువుతో వచ్చే లేఖను, ఆ తర్వాత వచ్చే కోర్టు పత్రాన్ని. దావా పత్రం అందినట్టు లెక్కించిన రోజు నుంచి 14 రోజుల్లో జవాబివ్వాలి. అందిందని ఆన్‌లైన్‌లో తెలియజేస్తే కౌంటరు దాఖలుకు మొత్తం 28 రోజులు దొరుకుతాయి. స్థల యజమాని అనుమతి కంపెనీకి ఉందా, బోర్డులు కనిపించేలా ఉన్నాయా, 14 రోజుల నోటీసు అందిందా, జోడించిన 70 పౌండ్లకు ఆధారమేమిటి అన్నవి ఆ కౌంటరులో లేవనెత్తవలసిన ప్రశ్నలు. 2024 మే నుంచి ఇలాంటి చిన్న మొత్తాల దావాల్లో ఫోన్ ద్వారా మధ్యవర్తిత్వానికి హాజరుకావడం తప్పనిసరి. అక్కడ తేలకపోతే విచారణ సాధారణంగా ప్రతివాది ఉండే ప్రాంతపు కోర్టులో జరుగుతుంది. లాయరును పెట్టుకోనవసరం లేదు. ఓడినా, అడ్డగోలుగా ప్రవర్తిస్తే తప్ప, దావా పత్రంలో చూపే చిన్న స్థిర మొత్తానికి మించి ఎదుటివారి లాయరు ఫీజులు మోయవలసిన పని ఉండదు. 'వాదిస్తే వేలల్లో పోతాయి' అన్న బెదురుకు ఆధారం లేదు.

జవాబివ్వనివారి సంగతి వేరు. రాత్రి డ్యూటీలు చేసే కేర్ వర్కర్ ఒకామె పని మారినప్పుడల్లా ఊరు మారింది. కారు రిజిస్ట్రేషన్ పత్రమైన వీ5సీలో మాత్రం మొదటి అద్దె ఇంటి చిరునామాయే ఉండిపోయింది. నోటీసు, హెచ్చరిక, దావా పత్రం, తీర్పు అన్నీ ఆ ఇంటికే వెళ్లాయి. ఇంటి రుణానికి దరఖాస్తు పెట్టిన రోజున గాని తన మీద కౌంటీ కోర్టు తీర్పు ఉందన్న సంగతి ఆమెకు తెలియలేదు. తీర్పు వచ్చిన నెలలోగా సొమ్ము కట్టేస్తే అది తీర్పుల రిజిస్టరు నుంచి తొలగిపోతుంది. లేకపోతే ఆరేళ్లు ఉండిపోతుంది. దాన్ని రద్దు చేయమని కోర్టును అడగడానికే రుసుము 300 పౌండ్లు దాటుతుంది. అంటే వంద పౌండ్ల నోటీసును అసలు చూడనే చూడని మనిషి, తన వాదన వినిపించే అవకాశం కోసమే దానికి మూడింతలు చెల్లించాలి.

దావా వేసేవారు, ప్రతివాది ఆ చిరునామాలో లేరని అనుమానించడానికి కారణముంటే, ప్రస్తుత చిరునామా కోసం తగిన ప్రయత్నం చేయాలని కోర్టు నిబంధనల్లోనే ఉంది. వరుస ఉత్తరాలకు ఉలుకూ పలుకూ లేకపోవడమే అలాంటి కారణమని నా అభిప్రాయం. చిరునామా సరిచూసినట్టు ఆధారం చూపనిదే ఏకపక్ష తీర్పు ఇవ్వకూడదని నిబంధనను బిగించాలి. పార్లమెంటు 2019లో పార్కింగ్ నియమావళి చట్టం చేసింది. దాని కింద 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వం ప్రకటించిన నియమావళిని, కంపెనీలు కోర్టుకెక్కడంతో, ఆ జూన్‌లోనే వెనక్కి తీసుకుంది. 2025 జూలైలో మళ్లీ అభిప్రాయ సేకరణ మొదలుపెట్టింది. వాహనాల రికార్డులు చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏ మాత్రం కీపర్ వివరాలను ఒక్కో వాహనానికి 2 పౌండ్ల 50 పెన్స్ చొప్పున కంపెనీలకు ఇస్తూనే ఉంది. ఇక్కడి తెలుగు సంఘాలు ఉగాదికి, బతుకమ్మకు వేదికలు కట్టడంలో చూపే శ్రద్ధలో కొంతైనా తమ ప్రాంత ఎంపీలకు ఈ విషయం రాయడంలో చూపాలి.

హైదరాబాదులోను, విజయవాడలోను విద్యార్థులను ఇక్కడికి పంపే కన్సల్టెన్సీలు బ్యాంకు ఖాతా గురించి, అద్దె ఇంటి గురించి చెప్పి పంపుతాయి. ఇల్లు మారిన వారంలోనే వీ5సీలోను, డ్రైవింగ్ లైసెన్సులోను చిరునామా మార్చుకోవాలని, దానికి రుసుము లేదని కూడా చెప్పాలి. మీ పత్రిక విదేశీ విద్య పేజీల్లో కోర్టు దావా పత్రానికి ఉండే 14, 28 రోజుల గడువులను ఒక పట్టికగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రీడింగ్, ఇంగ్లండ్